రాయికి అంచు, తోలుకు వెన్ను

పలక మీద నీళ్ళు చిలకరించగానే నలుపు తేలింది. ఇంకా తెల్లవారని ఆకాశానికీ దీనికీ రంగులో పెద్ద తేడా లేదు, కత్తి ఒక్కటే కాస్త తెల్లగా కనిపిస్తోంది, చాలు, నూరడానికి కళ్ళతో పనిలేదు, వేళ్ళూ చెవులూ ఉంటే నడుస్తుంది. కత్తిని రాయి మీద పడుకోబెట్టాలి, వెన్నూ అంచూ రెండూ ఆనాలి, తోసేటప్పుడు అంచు ముందు నడవాలి, కొసకు వచ్చాక వెన్ను మీద దొర్లించి వెనక్కి లాగాలి, అప్పుడూ అంచే ముందు. సర్రు సర్రుమని ఒకే తీరుగా పలుకుతోంది. లోపల ఏబేలు నిద్రపోతున్నట్టు పడుకున్నాడు. నా మొగుడు నిజంగా నిద్రపోతే గురక పెడతాడని మా పల్లె మొత్తానికీ తెలుసు, గొర్రెలు కూడా బెదురుతాయి, ఇప్పుడు గురక లేదు, అంటే మేలుకొనే ఉన్నాడు, వింటున్నాడు, విననీ. ఈ పొద్దు తర్లుపాడుకు నడిచి బస్సెక్కి మార్కాపురం పోవాలి, హాస్టలు వార్డెను ముందు గడ్డం లేని మొహంతో నిలబడాలి. ఆ గడ్డం గీసేది నేను. నాకు చేతనవునా కాదా అన్న అనుమానం నాకు రవ్వంత కూడా లేదు, ఆయన గీయించుకుంటాడా లేదా అన్నది ఒక్కటే ఈ గంటలో తేలాలి.

ఆదివారం ఆరాధన ముగిశాక మా గుడి పాస్టరు కరుణాకరం అయ్యగారు ఇంటి ముందు సైకిలు ఆపారు. మార్కాపురంలో మన పిల్లల కోసం హాస్టలు కొత్తగా తెరిచారనీ, కాపలాకు మనిషి కావాలనీ, చేతి పని కాదనీ, కళ్ళూ చెవులూ నమ్మకమూ ఉంటే చాలనీ చెప్పారు. "వార్డెనుకు ఏబేలు సంగతి చెప్పినాను మగ్దలీనమ్మా, బుధవారం తీసుకొని రమ్మన్నాడు. మనిషి మాత్రం శుభ్రంగా ఉండల్ల. ఆ గడ్డంతో వస్తే పిల్లకాయలు జడుసుకుంటారు" అన్నారు. గోడ వెనక ఏబేలు దగ్గాడు. దగ్గితే విన్నట్టే. ఆ పూటంతా పోనన్నాడు, నిన్న మధ్యాహ్నం సంకటి తింటూ తింటూ ఆగి, "ఎంతమంది పిల్లకాయలంట?" అని అడిగాడు, అడిగినందుకు సిగ్గుపడి మళ్ళీ ముద్దలో వేలు పెట్టాడు. నాకప్పుడే తెలిసింది, ఈ పని మీద మనసు పడ్డాడని. చిన్నప్పటి నుంచీ రాతి గనిలో పలకలు చీల్చిన మనిషి, ఆ పలకలు ఎక్కడెక్కడి బడులకో పోయేవి, ఒక్కదాని మీద కూడా ఆయన అక్షరం దిద్దలేదు. రాత్రి పూట పిల్లలు పాఠం చదువుతుంటే వింటూ కూర్చోవడం ఆయనకు పని అని ఎవరూ చెప్పనక్కర్లేదు, ఊరికే రమ్మన్నా పోతాడు. పోవాలంటే గడ్డం పోవాలి. చూడబోతే ఇంతే కథ.

సర్రు. ఇంకొంచెం నీళ్ళు. ఈ కత్తి మాబూబీది, మార్కాపురం సంతలో మేం చెప్పులు పరుచుకొని కూర్చునే చోటికి వెనక సందులో ఆమె ఇల్లు, భర్త హుస్సేన్ సాయిబు గడ్డాలు గీసే మనిషి, ఆయన చనిపోయి చాలా కాలమైంది. చెప్పు తెగిందని ఒక సంతనాడు నా ముందు కూలబడి, నేను రంపెతో తోలు కోస్తుంటే, రంపె అంటే మా ఇళ్ళలో తోలు కోసే వెడల్పు కత్తి, అది ఎట్లా దిగుతోందో తల వంచి చూసింది. "ఎవరు నూరినారు బేటీ దీన్ని?" అని అడిగింది. నేనే అన్నాను. "మా ఇంట్లో కూడా నేనే నూరేదాన్ని. దుకాణంలో పేరు ఆయనది, పదును నాది" అని పళ్ళు లేని నోటితో నవ్వింది. అప్పటి నుంచీ మా ఇద్దరికీ పొత్తు కుదిరింది. చాలా రోజుల తర్వాత, ఏబేలు మొహం మీద గడ్డం మొండిగా పెరుగుతున్న కాలంలో, ఆమె దగ్గరికి పోయి అవ్వా నీ మొగుడి కత్తి ఒకటి ఇస్తావా అని అడిగాను. లోపలికి పోయి గుడ్డ చుట్టిన కత్తి తెచ్చింది, మడిచే కత్తి, కొమ్ము పిడి, జర్మనీ ఉక్కు అని చెప్పింది, జర్మనీ ఎక్కడుందో ఆమెకూ తెలియదు నాకూ తెలియదు. ఇచ్చినట్టే ఇచ్చి గుప్పిట మూసింది. "కత్తి ఇయ్యడం పెద్ద పని కాదు, నేర్చుకుంటేనే ఇస్తా" అంది.

నాకు నవ్వొచ్చింది అప్పుడు. మా ఇంట పుట్టిన ఆడపిల్లకు నూరడం నేర్పాలా, చేపపిల్లకు ఈత నేర్పినట్టు? గని నుంచి ఏబేలు ఎప్పుడో తెచ్చి పడేసిన పలక ముక్క తీసుకొని, నీళ్ళు పోసి, రంపె నూరినట్టే నూరాను, కత్తి వెన్ను పైకెత్తి, అంచును ఏటవాలుగా రాయికి అదిమి, మా అమ్మ అట్లాగే నూరేది, ఆమె అమ్మ అట్లాగే నూరేది. మాబూబీ నెత్తి కొట్టుకుంది. "అరె, చెప్పులు కోసే కత్తి కాదమ్మా ఇది. వెన్ను లేపినావంటే అంచు చచ్చిపోతాది. పండబెట్టు. చంటిపిల్లను పండబెట్టినట్టు పండబెట్టు" అని నా మణికట్టు పట్టుకొని నొక్కింది. ఆ వెన్ను మందం ఊరికే చేసింది కాదట, వెన్ను ఆనితే కోణం దానంతటదే కుదురుతుందట, మనిషి తెలివితో పనిలేదట. నా చేతులకు మాత్రం ఆ మాట ఎక్కడానికి ఎన్ని సంతలు పట్టిందో, నేను ఏమరుపాటుగా ఉంటే చాలు మణికట్టు లేచేది, కత్తి ఏటవాలు అయ్యేది, ఆమె చేతిలో తాటాకు విసనకర్ర నా మోచేతి మీద పడేది. ఈ నాటికి అది కుదిరింది. ఇప్పుడు మణికట్టు లెయ్యమన్నా లేవదు.

రాయి కూడా అందరూ అనుకునేట్టు నున్నగా ఉంటే సరిపోదు, చదునుగా ఉండాలి, చదును అంటే రెండు పలకలు ఒకదాని మీద ఒకటి పెట్టి నీళ్ళతో రుద్దుతుంటే చివరకు విడదీయడానికి బలం పట్టేంత చదును. ఆ పలకలు ఏరి ఇచ్చింది ఏబేలే. ఎందుకో చెప్పలేదు నేను, కత్తిపీట నూరడానికి అన్నాను, ఎడమ చేత్తో కుప్ప కెలికి, గోటితో తట్టి చప్పుడు విని, "ఇది మెత్తంది, ఇందులో ఇసకలేదు, ఇది తీసుకో" అని ఇచ్చాడు. రాయి మీద ఆయన తీర్పుకు తిరుగులేదు, ఎంతైనా గనిలో పెరిగిన చెయ్యి. ఆ గనిలోనే ఆయన రెండో చేతి మీద పలక బండ జారి పడింది, కుడి చేతి వేళ్ళు మూడు పోయాయి, చిటికెన వేలూ దాని పక్కదీ మిగిలాయి. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ ఆ చెయ్యి తువ్వాలు కిందే ఉంటుంది, అన్నం ఎడమ చేత్తో, నీళ్ళు ఎడమ చేత్తో, నిద్రలో కూడా అది దుప్పటి లోపలే. నా ముందు కూడా దాచుకుంటాడు, అది నాకు కోపం. నేనేమన్నా పరాయిదాన్నా.

పదును వస్తోంది, చప్పుడు సన్నబడింది, నీటి పొర అంచు మీదికి ఎక్కి వెనక్కి జారుతోంది, అంటే రాయి పని దగ్గర పడింది. కోడి కూసింది, మళ్ళీ కూసింది. తోళ్ళు ఊనే లంద వైపు నుంచి తంగేడు చెక్క వాసన, తోళ్ళు నానబెట్టిన తొట్టి వాసన, ఊళ్ళో వాళ్ళు ముక్కు మూసుకొని పోయే వాసన, నాకు మా అమ్మ వాసన. మా మామ, ఏబేలు నాయన, ఈ లంద మీదే పెరిగాడు, ఊరి మంగలి కత్తికి తోలుపట్టీ కోసి ఇచ్చేది మా మామే, అంతకు ముందు ఆయన నాయన. ఊళ్ళో ప్రతి గొంతు మీదా నడిచే కత్తి ముందు మా తోలు మీద నడిచి పోతుంది. మా గొంతుల మీదికి మాత్రం రాదు. ఆ మంగలిని తిట్టి లాభం లేదు, మా గడప తొక్కితే ఊళ్ళో ఇంకో గడప తొక్కనివ్వరు ఆయన్ను, పిల్లలు గలవాడు. మొన్న మొన్న కర్నూలు రాజధాని అన్నారు, మా జిల్లానే అని అయ్యగారు గుడిలో ప్రార్థన కూడా చేశారు, చూస్తుండగానే దాన్ని తీసుకుపోయి హైదరాబాదులో పెట్టారు. రాజధాని అంత దూరం నడిచిపోయింది, మంగలి పొది మాత్రం ఊళ్ళోంచి పల్లెకు నాలుగడుగులు వేయలేకపోయింది.

అందుకే మా పల్లెకు ఓబులయ్య మామ. ఏబేలుకు పెదనాయన అవుతాడు. పల్లెలో గడ్డాలన్నీ ఆయన చేతి కిందే, ఆయన కత్తి గీయదు, పీకుతుంది, పదును గురించి అడిగితే "కత్తిలో ఏముందిరా, చేతిలో ఉంది" అంటాడు, చేతిలోనూ ఏమీ లేదని మొహాలు చెబుతాయి. పెళ్ళికొడుకులు ఆయన ముందు కూర్చొని కళ్ళనీళ్ళతో లేచేవాళ్ళు, పెళ్ళాం రాకముందే ఏడుస్తున్నాడే అని ఆడవాళ్ళం పకపకా నవ్వేవాళ్ళం. మా పెళ్ళిలో అయ్యగారి ముందు నా పక్కన నిలబడిన ఏబేలు చెంపల మీద పసుపు అద్దిన గాట్లు, ఆ గాట్లతోనే అందంగా ఉన్నాడు, అవును అని ప్రమాణం చెప్పడానికి నోరు తెరిస్తే ఒక గాటు నుంచి రక్తం కారింది, నేను కొంగుతో తుడవబోయి ఆగిపోయాను, అప్పుడే తుడిస్తే ఏమనుకుంటారో అని. పెళ్ళయిన తర్వాత ఆయన ఓబులయ్య మామ చేతి కింద కూర్చోలేదు, బ్లేడు ముక్క సంపాదించి కర్రకు కట్టి తనే గీసుకునేవాడు, తుమ్మచెట్టు కింద అద్దం పెట్టుకొని, ఈల వేస్తూ. ఆ ఈల విని చాలా కాలమైంది. ఇప్పుడు ఓబులయ్య మామకు చూపు మసకబారింది, చెయ్యి వణుకుతోంది, మొన్న ఈస్టరుకు ఒకరి చెవి తమ్మె తెంపబోయాడు, ఆయన దగ్గరికి పంపించడం కంటే నేనే గొడ్డలి పట్టడం మేలు.

రాయి చాలు. కత్తి కడిగాను, పైట చెంగుతో తుడిచాను, గుంజకు తగిలించిన తోలుపట్టీ కింది కొస పట్టి బిగించి లాగాను. తోలుకు వెన్ను. ఇక్కడ అంచు ముందు నడిస్తే తోలు తెగుతుంది, వెన్నే ముందు నడవాలి, అంచు వెనక ఈడ్చుకుంటూ పోవాలి. రాయికి అంచు, తోలుకు వెన్ను, మాబూబీ అత్తరు వాసన వచ్చే చేతులతో నా నెత్తి మీద తట్టి తట్టి చెప్పిన మాట. ఈ పట్టీ నేను చేసిన రెండోది. మొదటిది ఎంత ముద్దుగా చేశానో, మంచి దున్నతోలు, తంగేడు చెక్కలో బాగా పండింది, దాన్ని తీసి ఆముదం పట్టించి, ఎండబెట్టి, మళ్ళీ ఆముదం పట్టించి, పసిపిల్ల చెవిలా మెత్తబడేదాకా వదల్లేదు. దాని మీద నూరిన కత్తి వెంట్రుకను వంచింది, తెంచలేదు. రాయి మంచిది కాదన్నాను, కత్తి మంచిది కాదన్నాను, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు జర్మనీని కూడా తిట్టాను. మాబూబీ ఆ పట్టీని కొస పట్టుకొని పైకెత్తితే అది చచ్చిన పాములా వేలాడింది, ఆమె నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. "నూనె ఎవరు పెట్టమన్నారే? మెత్తటి తోలు అంచును చుట్టుకుంటాది, గుండ్రం చేస్తాది. ఇది చెప్పు కాదు, నీళ్ళు తోడే మోటబాన కాదు" అంది. ఊళ్ళో వాళ్ళెవరూ చేయని తప్పు అది, మా వాళ్ళు ఎవరైనా చేసే తప్పు, తోలు కనిపిస్తే ఆముదం రాయకుండా మా చేతులు ఊరుకోవు. రెండోదాన్ని నీడలో మేకులు కొట్టి సాగదీసి ఆరబెట్టాను, చుక్క నూనె తగలనివ్వలేదు, గుండ్రాయితో రుద్దాను, ఎంత కష్టమైందో, ఎండిన తోలును చూస్తూ ఊరుకోవడం అంటే ఆకలిగొన్న పిల్లను చూస్తూ ఊరుకున్నట్టే ఉంది నాకు.

టప్, టప్, టప్. ఇది రాయి చప్పుడు కాదు, దాచలేని చప్పుడు. పక్కింటి పుష్పమ్మ అప్పుడే చీపురుతో బయటికి వచ్చింది. "ఏందే మగ్దలీ, పొద్దున్నే ఎవర్ని కొడతా ఉండావు?" అంది. తోలును కొడుతున్నానన్నాను. కత్తి చూసింది, చీపురు ఆగింది, లోపలికి చూసింది, ఊడవడం మొదలుపెట్టింది, ఊడ్చిన చోటే ఊడుస్తోంది. తెలిసిపోయింది. ఇంకొక గడియలో పల్లె మొత్తం తెలుస్తుంది. ఏబేలుకు భయం అదే. ఆడదాని చేత గడ్డం గీయించుకున్నాడంటారే అని రాత్రి పడుకోబోయే ముందు అన్నాడు, అని గోడ వైపు తిరిగాడు, తర్వాత ఎంతో సేపటికి "చీకట్లోనే గీసెయ్, తలుపేసుకొని. నాకు మార్కాపురంలో హుస్సేన్ సాయిబు గీసినాడని చెప్పుకుంటా" అన్నాడు. చచ్చిన సాయిబు లేచి వచ్చి గీశాడని చెప్పుకుంటాడట కానీ పెళ్ళాం గీసిందని చెప్పుకోలేడట, మగవాళ్ళ బుద్ధి. సరేలే అన్నాను. నిద్ర పట్టడానికి సరేలే అన్నాను.

ఆయన భయం ఆడదాని చెయ్యి ఒక్కటే అయితే ఒక్క కేకతో పోగొడతాను. కాదు. ఆస్పత్రి నుంచి వచ్చిన తర్వాత ఒక సంతనాడు, ఎడమ చేత్తో గీసుకోబోయి దవడ కోసుకున్నాక, మార్కాపురం బజారులో ఒక దుకాణంలో కూర్చున్నాడు. కుర్చీ, అద్దం, మెడ చుట్టూ తెల్లటి గుడ్డ. నేను చెప్పుల దగ్గర ఉన్నాను, నాకు చెప్పి పోలేదు. సబ్బు పెట్టారు, ఒక చెంప గీశారు, బల్ల మీద కూర్చున్న వాడెవడో అద్దంలో చూసి నువ్వు ఫలానా పల్లె చెప్పులోళ్ళ ఏబేలువి కదూ అన్నాడు. ఏబేలు అవునన్నాడు. అబద్ధం చెప్పడం రాదు ఆ మనిషికి. దుకాణం వాడు అరవలేదు, కొట్టలేదు, కత్తి మడిచాడు, మెడ మీది గుడ్డ తీశాడు, "లెయ్యి నాయనా, నా పొట్ట మీద కొట్టొద్దు" అని బతిమాలాడు. సగం నున్నటి మొహంతో సగం నురగతో సంత మొత్తం దాటుకొని నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చూసిన వాళ్ళు నవ్వారు, ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టు. కొంగుతో తుడుస్తుంటే నురగ ఆరిపోయి చర్మానికి అంటుకుంది, "ఏం కాలే, పా" అన్నాడు. అంటరానితనం నేరమని చట్టం వచ్చింది, కేసు పెట్టొచ్చని అయ్యగారు చెప్పారు, ఏబేలు విననట్టే ఉన్నాడు. సగం గీసిన చెంప మీద గడ్డం పెరిగి రెండో చెంపను అందుకుంది, అప్పటి నుంచీ ఆ మొహాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఆ రోజు నేను ఏడ్చానా, లేదు. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది, మా తోలు మీద నూరిన కత్తితో మమ్మల్ని లేపుతారా, చూస్తా, నేనే నేర్చుకుంటా అనుకున్నాను, తరువాతి సంతకు మాబూబీ గడప ఎక్కాను.

టప్, టప్. తల నుంచి ఒక వెంట్రుక పీకి, కొస పట్టుకొని అంచుకు తగిలించాను. నొక్కలేదు, తగిలించాను అంతే. సగం కింద పడింది. తెగినట్టు చేతికి కూడా తెలియలేదు. చాలు తల్లీ. ఇదే కత్తితో మేక తోలు గీశాను, సబ్బు రాసి, వెంట్రుక పెరిగిన వాటానికి గీస్తే నున్నగా వచ్చింది, ఎదురు గీస్తే చర్మం లేచింది, కడుపు దగ్గర వెంట్రుక ఒక వైపు, మెడ దగ్గర ఇంకో వైపు, తోలు పని చేసిన వాళ్ళకు ఆ వాటాలు కొత్తేమీ కాదు. మేక తోలు మీద నేర్చుకున్నానని తెలిసినప్పుడు ఏబేలు "నన్ను మేకను చేస్తివా" అన్నాడు, నవ్వాడు కూడా, నవ్వితే గడ్డం కదిలింది, పళ్ళు కనిపించాయి. మేక కదలదు, నువ్వు కదులుతావు, అదొక్కటే తేడా అన్నాను. నా సొంత ముంజేయి మీద గీసుకున్నాను, మోకాలి కింద గీసుకున్నాను, ఒక్క గాటు లేదు.

అయితే మేక తోలును ఎండలో పరిచి గీశాను. ఇప్పుడు అనుకుంటే అనిపిస్తోంది. మా ఇంటికి కిటికీ లేదు. బోదగడ్డి కప్పు కిందికి వంగి ఉంటుంది, తలుపేస్తే లోపల బుడ్డి దీపం, దీపం ఒక పక్క పెడితే రెండో పక్క నీడ, ఆయన్ను పట్టుకోమంటే చెయ్యి వణుకుతుంది, దవడ కింద వెంట్రుక ఏ వైపు వాలిందో కనపడదు. ఆయన మెడ మీద ఒకచోట సుడి ఉంది, చెవి కింద, అక్కడ వెంట్రుకలు చుట్టు తిరుగుతాయి, నాకు తెలుసు, ఎందుకు తెలుసో మొగుడూ పెళ్ళాల సంగతి. ఇంత పదును పెట్టి చీకట్లో గొంతు మీద నడిపిస్తే కత్తి తప్పు కాదు, నా తప్పవుతుంది. రాత్రి సరేలే అన్నాను, అన్నాను గనుక చేయాలా? చేయను. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు, మా ఇంట్లో ఇద్దరం రాజులమే. నల్లమల వైపు కాదు, ఇటు తూర్పున, హనుమంతునిపాడు వైపు, ఆకాశం పలుచబడింది, ఎర్రబడింది, తుమ్మ కొమ్మలు విడివిడిగా తేలాయి. లేచి తలుపు నెట్టాను. ముక్కాలి పీట తీసుకొచ్చి వాకిట్లో, దారి పక్కన, వెలుతురు తిన్నగా పడే చోట వేశాను. చెంబులో వేడినీళ్ళు, సబ్బు ముక్క, పాత మెత్తటి గుడ్డ.

"బావా, లెయ్. వెల్తురొచ్చింది" అన్నాను.

గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. తువ్వాలు భుజం మీద, కుడి చెయ్యి దాని కింద. పీట చూశాడు, దారి చూశాడు, పుష్పమ్మను చూశాడు, పుష్పమ్మ చీపురు విప్పి మళ్ళీ కట్టుకుంటోంది. "లోపలన్నావు కదే రాత్రి" అన్నాడు, గొంతు తగ్గించి.

"అన్నా. లోపల కనపడదు. కనపడకుండా నీ గొంతు మీద కత్తి పెట్టను నేను. పిల్లకాయల కాడికి పోవాలనుందా లేదా?"

ఎంత సేపు నిలబడ్డాడో. నేను బతిమాలలేదు. సబ్బు చేతిలో తిప్పుతూ, నీళ్ళలో ముంచుతూ, నురగ లేపుతూ కూర్చున్నాను, పైకి రాయిలా ఉన్నాను, లోపల మాత్రం దేవా దేవా అనుకుంటున్నాను, ఈ మనిషి వెనక్కి తిరిగితే మళ్ళీ ఎప్పటికీ బయటికి రాడు అని నాకు తెలుసు. ఆయన వచ్చి కూర్చున్నాడు. ఇంటి వైపు మొహం పెట్టి, దారికి వీపు పెట్టి కూర్చున్నాడు, సరే, అదే పదివేలు. వేడిగుడ్డ అద్దాను, కళ్ళు మూసుకున్నాడు. నురగ రాశాను, చెంపలకు, దవడకు, మెడకు, నా అరచేతి కింద ఆయన దవడ బిగుసుకొని ఉంది, వదులు వదులు అన్నాను, కాస్త వదిలాడు. వెలుతురు పడే చెంప మీద చర్మం బొటనవేలితో పైకి లాగి కత్తి ఆనించాను. మొదటి వాటు చప్పుడు నాకు తెలుసు, ఎండుగడ్డి మీద నడిచినట్టుంటుంది, కింద నల్లటి వెంట్రుకలు నురగతో కలిసి కత్తి మీదికి వచ్చాయి, వెనక నా మొగుడి చెంప, నా పెళ్ళినాటి చెంప, గాట్లు మాత్రం లేవు.

జనం వచ్చారు, రాకుండా ఉంటారా. ఓబులయ్య మామ కర్ర పొడుచుకుంటూ వచ్చి, చూపు ఆనకపోయినా వంగి చూసి, "ఏమిరా అబ్బీ, పెండ్లాం చేతికి గొంతిచ్చినావా?" అన్నాడు. నవ్వులు లేచాయి. నేను తల తిప్పలేదు. "నీ చేతికిచ్చినప్పుడు పోని గొంతు నా చేతిలో పోతాదా మామా" అన్నాను, అందరికంటే గట్టిగా ముసలాయనే నవ్వాడు. ఆ నవ్వుతోనే దగ్గరికి జరిగి ఏబేలు నున్నటి చెంపను వేళ్ళతో తడిమాడు, తడిమి, ఇంకోసారి తడిమి, నవ్వు ఆపాడు. "రక్తం రాలేదే" అన్నాడు. అప్పుడే ఊళ్ళోంచి దారి వెంట ఎద్దులు తోలుకొని చేలకు పోయేవాళ్ళు వస్తున్నారు, మువ్వల చప్పుడు, ముందున్న వాడు ఏం జరుగుతోందో చూసి ఎద్దుల తాడు లాగాడు, అవి ఆగాయి, వెనక ఎద్దులు ఆగాయి. నేను చెంప పూర్తి చేసి కత్తి గుడ్డకు తుడిచాను.

ఏబేలు లేచాడు.

ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో, సంతలో నా ముందుకు వచ్చి నిలబడ్డప్పుడు ఎట్లా ఉన్నాడో అట్లాగే ఉన్నాడు. కత్తి పక్కకు తీశాను. లోపలికి పోతాడు, తలుపేసుకుంటాడు, బస్సు పోతుంది, హాస్టలు పోతుంది, అన్నీ పోతాయి, నేనే చెడగొట్టాను, చీకట్లో గీయమంటే గీయాల్సింది, వద్దు బావా, పోవద్దు, పోవద్దు అని నోట్లోనే అనుకున్నాను. ఆయన లోపలికి చూడలేదు. తువ్వాలు తీసి నా భుజం మీద వేశాడు. కుడి చెయ్యి బయటికి వచ్చింది, మొండి వేళ్ళ మీద మానిన తెల్లటి చర్మం, మిగిలిన రెండు వేళ్ళూ, ఊళ్ళో వాళ్ళూ పల్లెలో వాళ్ళూ అందరూ చూస్తుండగా ఆ రెండు వేళ్ళతో పీట అంచు పట్టి ఎత్తి, తిప్పి, దారి వైపుకు వేశాడు. ఆగిపోయిన ఎద్దులకు ఎదురుగా కూర్చున్నాడు. మెడ వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి, గొంతు మొత్తం నాకు ఇచ్చాడు.

"ఇంటి దిక్కు తిరిగి కూచుంటే ఈ పక్క నీడ పడతా ఉందే. నీకు కనపడొద్దా?" అన్నాడు.